బెంగాలీ వంతు అప్పలకొండది

టీవీ అన్న మాట ఖరగ్‌పూర్‌లో ఇంకా ఎవరి నోటా పలకని రోజులవి. ఇప్పుడైతే పెద్ద ఫుట్‌బాల్ పోటీ వస్తే ఏ దేశంలో ఏ స్టేషను బొమ్మ చూపించాలో, ఎవరి భాషలో ఎవరు మాట్లాడాలో ముందే కూర్చుని పంచుకుంటారట. అప్పటి పంపకం అంతకన్నా తేలిక. కలకత్తా మైదానంలో ఒక మైకు, దాని ముందు ఇద్దరు మనుషులు. కాసేపు ఒకాయన బెంగాలీలో చెప్పేవాడు, గొంతు అలిసిపోగానే పక్కాయన ఇంగ్లీషులో అందుకునేవాడు. అక్కడ ఏటా జరిగే షీల్డు పోటీ ఫైనలైతే వేరే ఊళ్ల రేడియో స్టేషన్లు కూడా ఆ గొంతులనే తీగల మీద తెచ్చుకుని తమ జనానికి వినిపించేవి. అందరికీ అందులో వాటా ఉంది, ఒక్క తెలుగువాడికి తప్ప. ఖరగ్‌పూర్‌లో రైల్వే వర్క్‌షాపు సైరను మోగితే గేట్లోంచి లోపలికి పోయేవాళ్లలో సగం మంది మనవాళ్లే అయినా సరే.

మరి మనవాళ్లు ఊరుకుంటారా? మూడో వాటా తామే వేసుకున్నారు. ఊళ్లో ఝపటాపూర్ అనే పేటలో నగరేశ్వరరావుకి కిరాణా కొట్టుండేది. ఆ కొట్లో ఒక పెద్ద రేడియో. దానికి ఎప్పుడో గొంతు చినిగిపోయింది, పక్కనే ఉన్నవాడికి తప్ప మాట తెలియదు. కొత్తది కొనమంటే నగరేశ్వరరావు వినిపించుకోడు. అంచేత కొట్టు అరుగు మీద, రేడియోని ఆనుకుని రెండు పీటలు వేసేవారు. బెంగాలీ వచ్చినంతసేపూ ఒకడు విని బయట వీధి నిండా నిలబడ్డ జనానికి తెలుగులో గట్టిగా చెప్పాలి. ఇంగ్లీషు రాగానే రెండోవాడు అందుకోవాలి. కలకత్తాలో మైకు చేతులు మారినప్పుడల్లా ఝపటాపూర్‌లో కూడా గొంతు మారేదన్న మాట.

ఇంగ్లీషు వంతు విల్‌ఫ్రెడ్ గారిది. ఆయన రైల్వేలో గార్డు. భీమిలి మిషను స్కూల్లో చదువుకున్న మనిషి, డ్యూటీ లేనప్పుడు కూడా ఇస్త్రీ మడత చెడకుండా తిరిగేవాడు. బెంగాలీ వంతు అప్పలకొండది. అసలు కథ ఇతనిది.

అప్పలకొండది పాలకొండ వైపు పల్లె. మీసాలు రాకముందే మేనమామ వెంట వచ్చి వర్క్‌షాపులో బాయిలర్లు చేసే విభాగంలో, బాయిలర్ షాపులో చేరాడు. ఆ షాపులో పని ఎలాంటిదో చూసినవాళ్లకే తెలుసు. ఇంజను బాయిలరుకి బయటినుంచి రివెట్టు కొడుతుంటే, లోపల చీకట్లో ముడుచుకు కూర్చుని ఇంకొకడు ఆ రివెట్టుకి బరువైన ఇనుపదిమ్మను ఆనించి పట్టుకోవాలి. ఆ లోపలివాడు అప్పలకొండ. గాలి సుత్తి ఒక్కొక్క దెబ్బా బాయిలరుకి తగిలేది, బాయిలరుతో పాటు అతని బుర్రకీ తగిలేది. చెవుల్లో దూది పెట్టుకుంటే తోటివాళ్లు నవ్వేవారు. అతనూ ఓ వారం పెట్టుకుని మానేశాడు.

వయసులో ఉన్నప్పుడు షాపు జట్టులో ఉత్త కాళ్లతో ఎడం వైపు ఆడేవాడు. బెంగాలీ ఆ మైదానంలోనే నేర్చుకున్నాడు, తిట్లతో మొదలుపెట్టి. కాళ్లు బరువెక్కాక పీట ఎక్కాడు. ఎక్కాక, ఏం చెప్పమంటారు, కళ్లు గట్టిగా మూసుకుని, ఒక చెయ్యి గాలిలో ఊపుతూ అతను చెబుతుంటే కలకత్తా గడ్డి వాసన ఝపటాపూర్‌లో కొట్టేది. ఆటంటే ఏమిటో తెలియని ఆడవాళ్లు కూడా సాయంత్రం వంట ముందే కానిచ్చేసి ఎదురింటి మెట్ల మీద చేరేవారు. వాళ్ల మధ్య అతని భార్య చిలకమ్మ కూర్చునేది. మొగుడి గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంటే పక్కవాళ్ల మొహాల వైపు ఓసారి చూసుకుని కొంగు సర్దుకునేది. పాపం, ఆవిడకి ఏడాదికి వచ్చే పండగ అదొక్కటే.

చెవులు పోవడం ఒక్క రోజున జరిగింది కాదు. ముందు పక్షుల కూత పోయింది. తరవాత చిలకమ్మ వెనకనుంచి పిలిచే పిలుపు పోయింది. షాపులో దానికి ఎవరూ ఆశ్చర్యపోరు. అక్కడ ముసలివాళ్లందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. ఇంట్లో ఏదో పరధ్యానమని సరిపెట్టాడు. ఎదురుగా నిలబడి పెదాలు కదిపితే పట్టేసేవాడు గనక చాలామందికి తెలియలేదు. రేడియోకి పెదాలు లేవు కదా! ఒక చెవి మానేసి ఇంకో చెవి ఆనించాడు. తల మొత్తం పెట్టెకి అతికించాడు. మాటలు పోయి రొద మిగిలింది, ఆ రొద కూడా పలచబడింది. అయినా అతను పీట వదల్లేదు. జనం అరుపుల అదురు చెక్క మీద చెంపకి తగిలితే దాన్ని బట్టి అంచనా వేసుకుని, మిగతాది తనే అల్లి చెప్పేవాడు. లెక్క తప్పితే విల్‌ఫ్రెడ్ గారి వంతులో ఎలాగూ సరిపడేది.

ఒక సాయంత్రం అల్లిక దొరికిపోయింది. మన రైల్వే తరఫున ఆడే రైలు జట్టువాళ్లు ఎడం వైపునుంచి దూసుకొస్తున్నారనీ, ఒకణ్ణి దాటారనీ, ఇద్దర్ని దాటారనీ అప్పలకొండ కళ్లు మూసుకుని ఊగిపోతున్నాడు. వీధి మొత్తం ఊపిరి బిగబట్టింది. అప్పటికి ఆట సగం అయిపోయి విరామం ఇచ్చారు, రేడియోలో సితారు వస్తోంది. ఆ సంగతి విన్నది ఇద్దరే. పక్క పీట మీద విల్‌ఫ్రెడ్, కొట్టు లోపల రేడియో పక్కనే పప్పులు తూస్తున్న నగరేశ్వరరావు భార్య కన్యకాంబ. ఆవిడ తక్కెడ పట్టుకున్నది పట్టుకున్నట్టే ఆగిపోయింది. విల్‌ఫ్రెడ్ చప్పున అప్పలకొండ మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు. కళ్లు తెరిచి ఆ మొహం చూడగానే అప్పలకొండకి అంతా అర్థమైంది. బంతి బయటికి పోయిందనీ, ఈల ఊదేశారనీ జనానికి చెప్పి దిగిపోయాడు. కన్యకాంబ ఆ మాట ఎక్కడా అనలేదు. ఆవిడకి నోరు పెద్దదని వీధిలో పేరు గానీ, ఆ విషయంలో మాత్రం గుట్టు దాచింది.

మర్నాడు విల్‌ఫ్రెడ్ అతని క్వార్టరుకి వచ్చి, చిలకమ్మ నీళ్లకి వెళ్లేదాకా ఆగి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎన్నాళ్లనుంచి అని అడిగాడు. అప్పలకొండ కాసేపు అటూ ఇటూ చూశాడు గానీ, ఆ మనిషి ముందు బుకాయించలేకపోయాడు. రెండేళ్లు దాటిందన్నాడు.

“ఎవులికీ సెప్పకండి బాబూ,” అన్నాడు. “ఆ పీట మీద కూకుంటేనే నాను మనిసిని. షాపులో నాను ఒట్టి టిక్కెట్టు నంబర్ని.”

విల్‌ఫ్రెడ్ గారికి జాలిపడటం చేతకాదు. దారి వెతకడం వచ్చు. గార్డుగిరీ అంటే అదే కదా. నోరు లేకుండా జెండాతో, దీపంతో ఇంజనువాడికి కబురు చెప్పడమే ఆయన బతుకంతా చేసిన పని. ఆ సాయంత్రమే ఇద్దరూ కూర్చుని మోకాలి భాష కనిపెట్టారు. బెంగాలీ వంతులో కూడా విల్‌ఫ్రెడ్ పక్కనే ఉండి వింటాడు, బళ్ల మీద తిరిగి తిరిగి వింటే అర్థమయ్యేపాటి బెంగాలీ ఆయనకి వచ్చు. ఆయన చెయ్యి తువ్వాలు కింద అప్పలకొండ మోకాలి మీద ఉంటుంది. బొటనవేలు నొక్కితే బంతి మనవాళ్లది, చిటికెనవేలైతే అవతలివాళ్లది. మెల్లగా తడితే మైదానం నడుమ, గబగబా తడితే గోలు దగ్గర. అరచెయ్యి చాపి ఉంచితే ఆట ఆగినట్టు. గుప్పెటంతా బిగించి మోకాలు పట్టుకుంటే గోలు పడినట్టు. అంతే. మిగతాదంతా అప్పలకొండ పని.

చిత్రమేమిటంటే, చెవులున్నప్పటికన్నా అతను అప్పుడే బాగా చెప్పాడు. రేడియో మాట వెంట పరిగెత్తే బాధ తప్పింది కదా, తీరిగ్గా ఆట ఆడించేవాడు. ఎవడి కాలికి బురద అంటిందో, చూసే జనంలో ఎవడు తలపాగా విసిరేశాడో కూడా చెప్పేవాడు. ఫిట్టరు గోవిందరావైతే, కలకత్తా వెళ్లి కళ్లారా చూసినా ఇంత బాగా తెలియదని ప్రమాణం చేసేవాడు. నాలుగు షీల్డులు అలా గడిచాయి. చిలకమ్మకి కూడా తెలియలేదు. తెలిసిన మూడో మనిషి కన్యకాంబ, ఆవిడ తక్కెడ వైపే చూస్తూ ఉండేది.

ఊరికే జరగలేదు ఇదంతా. పూర్వం బెంగాలీ వంతు వస్తే విల్‌ఫ్రెడ్ గారికి టీ తాగే తీరిక ఉండేది, ఏదైనా ఆటకి రాకపోయినా గడిచేది. ఇప్పుడు ఒక్క ఆట మానడానికి లేదు. షీల్డు నెలలో డ్యూటీలు మార్చుకుని, దానికి బదులుగా తోటి గార్డుల రాత్రి బళ్లు నెత్తిన వేసుకునేవాడు. భార్య జ్ఞానరత్నం గొడవపడేది. గుండెల్లో మంటంటావు, డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడు, ఇంటికొస్తే ఒక్క సాయంత్రం నా ఎదురుగా కూర్చోవు, ఆ కొట్టు అరుగు మీద ఏముందని ఆవిడ అడిగితే ఆయన నవ్వి ఊరుకునేవాడు. స్నేహితుడి గుట్టు పెళ్లానికి కూడా చెప్పని మనిషి. ఆ చెప్పకపోవడమే తరవాత ఆవిడని కాల్చింది.

ఆ ఏడు రైలు జట్టు ఫైనలుకి వచ్చింది. అబ్బో, ఆ సందడి! వర్క్‌షాపులో మధ్యాహ్నంనుంచి పని నడవలేదు. వాన పడుతోంది. గొడుగులు, గోనె సంచులు నెత్తిన వేసుకుని జనం ఇందా రోడ్డు మలుపుదాకా నిలబడ్డారు. ముందున్నవాళ్లు విన్నది వెనకవాళ్లకి అందిస్తున్నారు. కలకత్తాలో ఒకాయన బెంగాలీలో అంటే, ఝపటాపూర్‌లో విల్‌ఫ్రెడ్ వేలు దాన్ని నొక్కితే, అప్పలకొండ నోరు తెలుగులో పలికితే, మలుపు దగ్గరివాడు దాన్ని ఇంకో నలుగురికి పంచిపెడితే, ఆట అలా చేతులు మారుతూ ఊరంతా పోయింది.

విల్‌ఫ్రెడ్ ముందురాత్రి బండి దిగి తిన్నగా వచ్చాడు. మొహం పాలిపోయి ఉందని కన్యకాంబ జీలకర్ర నీళ్లిచ్చింది. సగం ఆటదాకా ఎవరూ గోలు వెయ్యలేదు. ఆయన ఇంగ్లీషు వంతు చెప్పి, నుదురు తుడుచుకుని, చెయ్యి మళ్లీ తువ్వాలు కింద పెట్టాడు. మైకు బెంగాలీకి మారింది. అప్పలకొండ కళ్లు మూసుకున్నాడు.

బొటనవేలు. మనవాళ్లది. మెల్లగా, మెల్లగా. అప్పలకొండ బంతిని మైదానం నడుమ తిప్పుతున్నాడు. వేలు కాస్త తడబడింది, మళ్లీ తట్టింది. గబగబా తట్టింది. అతని గొంతు లేచింది. వచ్చేత్తన్నారు, ఎడం పక్కనించి వచ్చేత్తన్నారు అంటున్నాడు. అంతలో గుప్పెట పడింది. ఎన్నడూ పట్టనంత గట్టిగా, గోళ్లు పంచెలోంచి దిగేటట్టు పట్టుకుంది.

అప్పలకొండ లేచి నిలబడబోయి, ఆ చెయ్యి పట్టు వదలకపోవడంతో కూర్చునే అరిచాడు. గోలు!

వీధి పేలిపోయింది. గొడుగులు ఎగిరాయి. ఎవరో డప్పు అందుకున్నారు. మెట్ల మీద ఆడవాళ్లు ఈలలు వేశారంటే నమ్ముతారా, వేశారు. చిలకమ్మ ఏడుస్తూ నవ్వింది. అప్పలకొండ కళ్లు తెరవలేదు. ఇన్నేళ్లలో అంత గొప్ప గోలు అతనికి దక్కలేదు, దాన్ని తీరిగ్గా చెప్పుకోవాలి. బంతి ఎవడి కాలినుంచి ఎవడి తలకి వచ్చిందో, గోలీ ఏ పక్కకి పడ్డాడో, వల ఎలా ఊగిందో ఒక్కటీ వదలకుండా చెప్పాడు. మోకాలి మీద పట్టు ఇంకా ఉంది. గార్డు బాబుకి ఎంత సంబరమో అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తనని తాను ఆ తరవాత జన్మలో క్షమించుకోలేదు.

పట్టు వదులైంది. తరవాత ఒక బరువు వచ్చి అతని భుజం మీద పడింది. కళ్లు తెరిచేసరికి విల్‌ఫ్రెడ్ తల అతని మెడ పక్కన ఉంది, ఎదురుగా కన్యకాంబ గల్లా మీదనుంచి వంగి నోరు తెరిచి ఏదో అరుస్తోంది. అప్పలకొండ బాబూ బాబూ అంటూ పట్టుకున్నాడు. బయటికి చూసి రమ్మని అరిచాడు. గోలు సంబరంలో ఉన్నవాళ్లు అతనూ సంబరంతోనే అరుస్తున్నాడనుకుని ఇంకా గట్టిగా డప్పు కొట్టారు. గోవిందరావు ముందు చూశాడు. వాళ్లందరూ కలిసి మనిషిని తలుపు చెక్క మీద వేసుకుని, చిందులేస్తున్న జనాన్ని తోసుకుంటూ ఆసుపత్రి వైపు పరిగెత్తారు. దారిలోనే ప్రాణం పోయింది.

కొట్లో రేడియో ఎవరూ వినకపోయినా చివరిదాకా మోగింది. రైలు జట్టు ఆ రోజు ఒక్క గోలూ వెయ్యలేదు, ఓడిపోయింది. మర్నాడు పేపర్లో చూసి ఊరికి తెలిసింది. తెలిసినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ గోలు ఎక్కడినుంచి వచ్చిందని అప్పలకొండని ఒక్కడూ అడగలేదు. గేటు దగ్గర ఎదురైనవాళ్లు తలవంచుకుని తప్పుకున్నారు. అడిగి నాలుగు తిట్టినా బాగుండేది. అతను అన్నం ముట్టలేదు, ఏడవనూ లేదు. చిలకమ్మ ఎదురుగా కూర్చుని ఎంత బతిమాలినా మోకాలు వైపే చూస్తూ కూర్చున్నాడు. అక్కడ గోళ్ల గాట్లు నల్లబడి ఉన్నాయి.

మూడో రోజున విల్‌ఫ్రెడ్ ఇంటి దగ్గర ప్రార్థన పెట్టారు. పాస్టరు సమూయేలు గారు వాక్యం చదివారు. వీధి మొత్తం వచ్చింది, నగరేశ్వరరావు దంపతులతో సహా. అప్పలకొండ వరండా మూల నేల మీద కూర్చున్నాడు. ప్రార్థన అయ్యాక జ్ఞానరత్నం లేచి తిన్నగా అతని దగ్గరికి వచ్చి ఎదురుగా కూలబడింది. ఆవిడ కళ్లలో కోపం లేదు. మూడు రోజులుగా ఆవిడకి కావలసింది ఒక్కటే.

“పక్కనే ఉన్నావు కదా కొండన్నా. ఆఖరిన ఏమన్నారు?”

పెదాలు కదలడం చూసి అతను మాట పట్టుకున్నాడు. ఇన్నేళ్లు వినని ఆటలన్నీ అల్లి చెప్పిన మనిషి. ఒక్క ముక్క అల్లితే ఆవిడ దాంతో బతికేసేది. నీ పేరే పలికాడమ్మా అంటే సరిపోయేది. అది అతనికి తెలుసు. నోరు తెరిచాడు కూడా. కానీ ఆ మనిషి విషయంలో అబద్ధం నాలుక మీదికి రాలేదు.

“నాకు ఇనపడదమ్మా,” అన్నాడు. చెవిటివాళ్లకుండే పెద్ద గొంతు అది, వరండా అంతా తిరిగి చూసింది. “ఏళ్లయిపోనాది. నా వంతు కూడా బాబే ఇని, మోకాలు నొక్కి నాకు సెప్పేవోరు. ఆ పట్టు గోలనుకున్నాను. బాబు ఏటన్నారో నాను ఇననేదు.”

అతను పీట కోసం దాచుకున్నదంతా, చిలకమ్మతో సహా అందరి ముందూ, అలా బయటపడిపోయింది. చిలకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. జ్ఞానరత్నం కదల్లేదు. సాయంత్రాలన్నీ ఆ అరుగు మీద ఏముందో ఆవిడకి అప్పుడు తెలిసింది.

కన్యకాంబ అప్పటిదాకా బిగబట్టుకున్నది ఇక ఆగలేదు. “పిలిచారమ్మా,” అంది ఏడుస్తూ. “కొండా అన్నారు. మళ్లీ, కొండా, ఒక్కసారి చూడు అన్నారు. ఈయన కళ్లు మూసుకుని చెబుతూనే ఉన్నాడు. నేనెంత అరిచినా బయటివాళ్లకి అందలేదు.”

అందరి చూపులూ అప్పలకొండ మీదికి మళ్లాయి. కన్యకాంబ అతనికి పక్కవాటుగా నిలబడింది, ఆవిడ పెదాలు అతనికి కనపడలేదు. ఇన్ని మొహాలు ఒక్కసారి తనవైపు తిరిగేసరికి బెదిరిపోయి, ఒకళ్ల తరవాత ఒకళ్లని చూస్తూ, చివరికి జ్ఞానరత్నం దగ్గర ఆగాడు.

“ఏటంతన్నాది ఆయమ్మ? బాబు ఏటైనా అన్నారా?”

భర్త ఆఖరిన పిలిచిన పేరు తనది కాదని జ్ఞానరత్నానికి ఇప్పుడే తెలిసింది. పిలిపించుకున్నవాడికి ఆ పిలుపు అందలేదనీ తెలిసింది. ఆవిడ ఇంకా ముందుకు జరిగి, అతని గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. ఒక్కొక్క మాటా విడివిడిగా, పెదాలు బాగా కనపడేటట్టు పలికింది.

“ఏమీ అనలేదట కొండన్నా. నొప్పే తెలియలేదట. నిద్రపోయినట్టు పోయారట.”

అప్పలకొండ ఆ పెదాలనే చూశాడు. నిజంగానా అమ్మా అన్నట్టు చూశాడు. ఆవిడ తల ఊపింది. “పోన్లెండమ్మా,” అన్నాడు. “నన్ను పిల్సుంటారేమో అని...” మూడు రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. తన ఏడుపు ఎంత గట్టిగా ఉందో అతనికి తెలియదు. జ్ఞానరత్నం అతని తల మీద చెయ్యి వేసి, అతనికి కనపడకుండా మొహం పక్కకి తిప్పుకుని తనూ ఏడ్చింది.